శ్వాస పునరావాస శిక్షణ: సీఓపీడీ రోగిగా నా అనుభవం

విజయనగరం జిల్లా బొబ్బిలి ప్రాంతంలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిగా పని చేసి పదవీ విరమణ పొందినదాన్ని. బీడీ, సిగరెట్టు, చుట్ట వీటిలో దేన్నీ జీవితంలో ముట్టలేదు. అయినా నాకు సీఓపీడీ (క్రానిక్ అబ్‌స్ట్రక్టివ్ పల్మనరీ డిసీజ్) అనే ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఊపిరితిత్తుల్లోకి గాలిని తీసుకుపోయే గొట్టాలు వాచి, గోడలు మందమై, శాశ్వతంగా సన్నబడిపోవడం, చివర ఉండే గాలి తిత్తులు కొంత మేర దెబ్బతినడం ఈ జబ్బు స్వభావం. దీన్ని పూర్తిగా నయం చేసే మందు ఇంతవరకు లేదు. ఉన్న చికిత్సల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినది శ్వాస పునరావాస శిక్షణ అనే వ్యాయామ చికిత్స. మన జిల్లాల్లో చాలామంది రోగులు దాని పేరు కూడా వినలేదు కనుక, ఆ శిక్షణ ఎలా సాగుతుందో, అందులో నాచేత ఏమేమి చేయించారో, ఎందుకు చేయించారో వివరంగా రాస్తున్నాను.

జబ్బు పేరు తెలియడానికే కొన్నేళ్ళు పట్టింది. మొదట మేడ మీది తరగతి గదికి వెళ్ళేటప్పుడు మధ్య మెట్టు మీద ఆగవలసి వచ్చేది. ఆ తరువాత చలికాలం వచ్చిందంటే దగ్గు, తెల్లని కళ్ళె, రాత్రిపూట ఛాతీలో పిల్లికూతలు. వయసు పెరుగుతోంది, ఒళ్ళు వచ్చింది, రక్తం తక్కువగా ఉంది అని ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. దగ్గర్లోని వైద్యులు యాంటీబయాటిక్ బిళ్ళలు, దగ్గు మందు ఇచ్చేవారు; గుండె పరీక్ష చేయించారు, క్షయ లేదని కళ్ళె పరీక్షతో తేల్చారు, ఎక్స్‌రే తీసి బాగానే ఉందన్నారు. నిజానికి ఈ జబ్బు తొలి దశల్లో ఎక్స్‌రే మామూలుగా కనిపించడం సహజం. ఊపిరి పరీక్ష మాత్రం ఎవరూ చేయించలేదు. పొగతాగని ఆడమనిషికి ఈ జబ్బు వస్తుందన్న ఆలోచనే ఎవరికీ కలగకపోవడం దానికి కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

విశాఖపట్నంలో ఉంటున్న మా అమ్మాయి నన్ను ఊపిరితిత్తుల నిపుణుడి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆయన నా ఆయాసం గురించి నాలుగు ప్రశ్నలు అడిగాక, "అమ్మా, మీ ఇంట్లో వంట దేని మీద చేసేవారు?" అన్నారు. అంతకుముందు ఏ వైద్యుడూ అడగని ప్రశ్న అది. చిన్నతనం నుంచి మా అమ్మ పక్కన, పెళ్ళయ్యాక నా సొంత పొయ్యి దగ్గర, సరుగుడు కట్టెలు, జీడిమామిడి చితుకులు, కొబ్బరి మట్టలు, పిడకలు మండించి వండాను. వానాకాలంలో కట్టెలు తడిసి పొగ కమ్మేసేది. మంట రాజేయడానికి ఊదుగొట్టం పట్టుకుని పొయ్యి ముందు వంగి ఊదినప్పుడల్లా, ఊదిన వెంటనే పీల్చే గాలి ఆ పొగలోంచే వచ్చేది. వంటగదికి ఒకే ఒక చిన్న కిటికీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం మొదలై మహిళా సంఘాల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు వచ్చినప్పుడు మా వీధిలో ఎంతో సంతోషపడ్డాం. కాని సిలిండరు ఖరీదు చూసి టీకి, అత్యవసరానికి గ్యాసు, అన్నానికీ నీళ్ళు కాచుకోవడానికీ కట్టెల పొయ్యి అన్న పద్ధతి చాలా ఇళ్ళలో ఏళ్ళ తరబడి సాగింది. మా ఇంట్లోనూ అంతే. ఇదంతా ఆయన ఓపికగా విని రాసుకున్నారు.

ఆ రోజే స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేశారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టుకుని, గుండెల నిండా గాలి పీల్చి ఒక్కసారిగా బలంగా ఊదాలి. ఇక గాలి లేదనిపించినా ఆపకుండా చివరిదాకా ఊదుతూనే ఉండాలి. సరిగ్గా వచ్చిన మూడు ప్రయత్నాలు నమోదయ్యే వరకు చేయిస్తారు. కళ్ళు తిరిగినట్టయింది కాని నొప్పి ఏమీ లేదు. తరువాత సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్ళీ ఊదించారు. మొదటి ఒక్క సెకనులో బయటికి వచ్చిన గాలిని మొత్తం ఊదిన గాలితో భాగిస్తే వచ్చే నిష్పత్తి, మందు పీల్చిన తరువాత కూడా 0.70 కంటే తక్కువగా ఉంటే గాలి దారిలో తొలగని అడ్డంకి ఉన్నట్టు లెక్క. నాకు 0.58 వచ్చింది. మొదటి సెకనులో నేను ఊదిన గాలి నా వయసూ ఎత్తూ గల స్త్రీ ఊదవలసిన దానిలో 52 శాతం. 50 నుంచి 79 శాతం వరకు రెండో దశ, 30 నుంచి 49 వరకు మూడో దశ, 30 కంటే తగ్గితే నాలుగో దశ అని ఆయన కాగితం మీద గీసి చూపించారు. ఈ పరీక్షకు మూలమైన పరికరాన్ని జాన్ హచిన్సన్ అనే వైద్యుడు 1846 నాటికే లండన్‌లో వాడుకలోకి తెచ్చాడని తరువాత చదివాను. అంత పాత పరీక్ష, సూది గుచ్చే పని కూడా లేనిది, మండల కేంద్రం దాకా ఇంకా రాకపోవడం నాకు బాధ కలిగించింది.

పొగతాగని వారికి ఈ జబ్బు రావడం అరుదైన సంగతి కాదని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో పని చేసిన డాక్టర్ సందీప్ సాల్వి, లండన్‌కు చెందిన పీటర్ బార్న్స్‌తో కలిసి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష ప్రచురించారు. ప్రపంచంలో పొగతాగేవారు సుమారు 100 కోట్ల మంది ఉంటే, కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాల పొగ పీల్చేవారు సుమారు 300 కోట్ల మంది ఉన్నారని వారు అందులో గుర్తుచేశారు. భారతదేశంలో సీఓపీడీ ఉన్నవారు 1990లో 2 కోట్ల 81 లక్షల మంది కాగా 2016 నాటికి 5 కోట్ల 53 లక్షలకు చేరారని 2018లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా తెలిపింది. ఈ జబ్బు వల్ల మన దేశంలో నష్టపోతున్న ఆరోగ్యకర జీవిత కాలంలో 53.7 శాతానికి ఇంటి లోపలి, వెలుపలి గాలి కాలుష్యం కారణమనీ, పొగాకు వాటా 25.4 శాతమనీ అదే అంచనా లెక్కగట్టింది. ఈ అంకెలు చదివాక నా జబ్బుకు సంజాయిషీ చెప్పుకోవలసిన అవసరం లేదన్న ధైర్యం వచ్చింది. అంతవరకు బంధువుల్లో కొందరు "ఇంట్లో ఎవరైనా చుట్ట తాగేవారా?" అని అనుమానంగా అడిగేవారు.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఒక్క సంగతి తప్ప. గొట్టాలను సడలించి ఎక్కువ సేపు పనిచేసే ఇన్హేలర్లు రోజూ, ఒక్కసారిగా ఆయాసం వచ్చినప్పుడు వాడే సాల్బుటమాల్ వేరుగా ఇచ్చారు. ఇన్హేలర్ మొదలుపెడితే జీవితాంతం అలవాటు పడిపోతారన్న భయం మన ఊళ్ళలో బలంగా ఉంది. బిళ్ళల రూపంలో మిల్లీగ్రాముల్లో ఒళ్ళంతా తిరిగే మందు, ఇన్హేలర్ ద్వారా మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుందని వైద్యులు చెప్పడంతో నాకు ఆ భయం పోయింది. విస్తరించి చెప్పవలసిన ఆ ఒక్క సంగతి పీల్చే పద్ధతి. పంపు లాంటి ఇన్హేలర్‌ను నేరుగా నోట్లో కొట్టుకుంటే మందులో ఎక్కువ భాగం నాలుక మీద, గొంతులో పడుతుంది. అందుకే స్పేసర్ అనే ప్లాస్టిక్ గది ద్వారా నెమ్మదిగా, లోతుగా పీల్చి పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగపట్టాలి. పొడి మందు ఇన్హేలర్‌కు ఇది తారుమారు, వేగంగా, బలంగా పీల్చాలి. స్టెరాయిడ్ ఉన్న మందు పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. ఆసుపత్రిలోని నర్సు నాచేత చేయించి చూసింది, తరువాత వెళ్ళిన ప్రతిసారీ మళ్ళీ చేయించింది. దుకాణంలో చీటీ ఇచ్చి మందు తెచ్చుకున్న వారిలో ఎంతమందికి ఈ పద్ధతి ఎవరైనా చూపించి ఉంటారో నాకు సందేహమే.

మందులు వాడాక పిల్లికూతలు తగ్గాయి, రాత్రి నిద్ర పట్టింది. కాని నడక అంతంతమాత్రంగానే ఉంది. వీధి చివరి కొట్టు దాకా వెళ్ళడానికి భయం. ఆ సంగతి చెప్పినప్పుడు వైద్యుడు ఆ ఆసుపత్రిలోనే ఫిజియోథెరపీ విభాగం నడిపే 8 వారాల శ్వాస పునరావాస శిక్షణలో చేరమన్నారు. వారానికి 3 రోజులు రావాలి, మిగతా రోజులు ఇంట్లో చేసుకోవాలి. అందుకోసం మా అమ్మాయి ఇంట్లోనే ఉండిపోయాను. అలా ఉండడానికి చోటు లేనివారు, రోజు కూలి మానుకోలేనివారు ఈ చికిత్సకు ఎలా వస్తారన్న ప్రశ్న మొదటి రోజు నుంచి నన్ను వేధించింది.

ఆయాసం వచ్చే మనిషికి వ్యాయామం ఏమిటని నేను అడిగాను. ఫిజియోథెరపిస్టు చిన్న వయసు అమ్మాయి, కాని విషయం బాగా తెలిసినది. ఆమె చెప్పిన దాని సారాంశం ఇది. ఆయాసం వస్తుందని మనం నడవడం తగ్గిస్తాం. నడక తగ్గితే తొడ కండరాలు బలహీనపడతాయి. బలహీనమైన కండరం చిన్న పనికే అలసిపోయి ఆమ్లాన్ని విడుదల చేస్తుంది, దాన్ని సరిదిద్దడానికి ఒళ్ళు ఇంకా ఎక్కువ గాలి అడుగుతుంది, ఆయాసం పెరుగుతుంది, మనం ఇంకా కూర్చుండిపోతాం. ఊపిరితిత్తుల నష్టాన్ని వ్యాయామం సరిచేయలేదు. కాళ్ళ కండరాలను మాత్రం తిరిగి బలపరచగలదు, అప్పుడు అదే పనికి తక్కువ గాలి సరిపోతుంది. ఈ మాట విన్న తరువాత చేసిన ప్రతి వ్యాయామానికీ అర్థం తెలిసి చేశాను.

ముందుగా 6 నిమిషాల నడక పరీక్ష జరిగింది. 30 మీటర్ల పొడవున్న వరండాలో రెండు చివరలా గుర్తులు పెట్టి, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపే ఆక్సీమీటర్‌ను వేలికి తగిలించి, 6 నిమిషాల్లో వీలైనంత దూరం నడవమన్నారు. పరుగెత్తకూడదు, ఆగాలనిపిస్తే ఆగవచ్చు, గడియారం మాత్రం ఆగదు. నేను 290 మీటర్లు నడిచాను. ఆక్సిజన్ 95 నుంచి 90కి దిగింది. ఆయాసాన్ని 0 నుంచి 10 వరకు ఉన్న బోర్గ్ కొలమానం మీద వేలు పెట్టి చూపించమన్నారు. ఇది చాలా ఉపయోగపడిన వస్తువు. అంతవరకు నాకు ఆయాసం అంటే ఉందా లేదా అన్న రెండే స్థితులు తెలుసు. 3 దగ్గర ఉన్న ఆయాసం ప్రమాదం కాదనీ, 4, 5 దాకా వెళ్ళినా సాధన చేయవచ్చనీ, 7 దాటితే ఆగి కూర్చోవాలనీ ఆ కాగితం నేర్పింది. భయాన్ని అంకెలోకి మార్చుకోగలిగిన రోజు నుంచి నా నడక మారింది.

తరువాత నేర్పినది ఊపిరి వదిలే పద్ధతి. ఈ జబ్బులో గాలి లోపలికి వెళ్ళడం కంటే బయటికి రావడం కష్టం. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్త గాలి పీల్చడంతో, నిండిన కుండలో ఇంకా నీళ్ళు పోసినట్టు, ఛాతీ ఉబ్బిపోయి పీల్చడానికి చోటు ఉండదు. అందుకని ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంత సేపు పీల్చి, పెదవులను సున్నా చుట్టి, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు నెమ్మదిగా ఊదుతూ వదలాలి. అలా ఊదినప్పుడు లోపలి గొట్టాల్లో కొంత ఒత్తిడి నిలిచి, అవి తొందరగా మూసుకుపోకుండా ఉంటాయి. "అమ్మా, ఊపిరి అందడం లేదని గబగబా పీల్చకండి, ముందు ఉన్నది ఊదేయండి" అని ఆ అమ్మాయి మాకు పదే పదే చెప్పేది. ముందుకు వంగి మోచేతులు బల్ల మీద గానీ మోకాళ్ళ మీద గానీ ఆనించి కూర్చుంటే ఆయాసం త్వరగా తగ్గుతుందని కూడా చూపించింది. ముఖానికి చల్లగాలి తగిలితే ఆయాసం తగ్గినట్టు అనిపిస్తుందన్నది మన ఇళ్ళలో ఎప్పటి నుంచో తెలిసినదే. ఇంగ్లండులో 50 మందితో చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, చేతిలో పట్టుకునే చిన్న ఫ్యాను గాలి కాళ్ళ మీద కంటే ముఖం మీద పడినప్పుడు ఆయాసం ఎక్కువ తగ్గిందని తేలింది. అప్పటి నుంచి నా సంచిలో ఒక చిన్న బ్యాటరీ ఫ్యాను, మంచం పక్కన తాటాకు విసనకర్ర ఉంటున్నాయి.

అసలు సాధన కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలయ్యేది. చేతులు ఆనించకుండా లేవాలి, లేచేటప్పుడు ఊదాలి. అరడుగు ఎత్తు పీట ఎక్కి దిగడం, అర లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతులతో భుజాల ఎత్తుకు లేపడం, తరువాత నడక. చేతులు పైకెత్తితే ఆయాసం ఎందుకు పెరుగుతుందో కూడా అక్కడే తెలిసింది: మామూలుగా ఊపిరికి సాయపడే భుజాల, మెడ కండరాలు అప్పుడు చేతుల పనిలో పడిపోతాయి. తల దువ్వుకోవడం, పై అరలోని డబ్బా అందుకోవడం మాలాంటి వారికి మెట్లెక్కినంత శ్రమ కావడానికి కారణం అదే. మొదటి వారం 5 నిమిషాలు నడిచి కూర్చునేదాన్ని. నడక సమయాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. ఆక్సీమీటర్ 88 కంటే దిగితే ఆపి కూర్చోబెట్టేవారు. ఏడో వారానికి మధ్యలో రెండుసార్లు నిలబడి 25 నిమిషాలు నడవగలిగాను.

ఇంటి పనులు ఎలా చేసుకోవాలన్నది విడిగా నేర్పారు. నా దృష్టిలో ఇది వ్యాయామంతో సమానమైన భాగం. కూరగాయలు కూర్చుని తరగడం, బియ్యం డబ్బా నడుము ఎత్తులో పెట్టుకోవడం, స్నానానికి పీట వేసుకోవడం, స్నానం చేశాక ఒళ్ళు తుడుచుకునే శ్రమ లేకుండా పెద్ద తువ్వాలు చుట్టుకుని కూర్చోవడం. చీర కట్టుకునేటప్పుడు కుచ్చిళ్ళు సరిచేయడానికి వంగితే నాకు ఊపిరి ఆగినంత పనయ్యేది. మంచం మీద కూర్చుని కుచ్చిళ్ళు ముందే మడిచి పిన్ను పెట్టుకోవడం, పొట్టను నొక్కకుండా లంగా నాడా వదులుగా కట్టుకోవడం మాలోనే ఒకావిడ అందరికీ చెప్పింది. ఏ పుస్తకంలోనూ ఈ మాట నాకు కనబడలేదు. భోజనం ఒకేసారి కడుపు నిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమన్నారు, పప్పు, గుడ్డు, చేప, పెరుగు పెంచమన్నారు. ఈ జబ్బులో ఒళ్ళు తగ్గిపోవడం మంచి సూచన కాదు. తగ్గేది ఎక్కువగా కండరమే.

8 వారాల తరువాత మళ్ళీ నడక పరీక్ష పెడితే 345 మీటర్లు వచ్చింది. ఈ పరీక్షలో సుమారు 30 మీటర్ల పెరుగుదల ఉంటే రోగికి నిజంగా తేడా తెలుస్తుందని పరిశోధకుల అంచనా. అదే రోజు స్పైరోమెట్రీ చేస్తే 51 శాతం వచ్చింది, అంటే ఊపిరితిత్తుల్లో చెప్పుకోదగ్గ మార్పు ఏమీ లేదు. మొదటి రోజు ఆ అమ్మాయి చెప్పినది అక్షరాలా నిజమని ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు అర్థమైంది. ఈ శిక్షణ మీద జరిగిన 65 ప్రయోగాలను, మొత్తం 3,822 మంది రోగుల ఫలితాలను కలిపి వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2015లో ప్రచురించిన సమీక్ష, ఇది ఆయాసాన్ని, అలసటను తగ్గించి జీవన నాణ్యతను పెంచుతుందన్న విషయంలో ఇక సందేహం లేదని తేల్చింది. అయినా అందుతున్నది అతి కొద్దిమందికే. అమెరికాలో 2014లో సీఓపీడీ ముదిరి ఆసుపత్రిలో చేరిన 1,97,376 మంది వృద్ధుల వివరాలను పరిశీలిస్తే, ఇంటికి వచ్చిన 90 రోజుల్లోగా ఈ శిక్షణ మొదలుపెట్టినవారు 1.5 శాతమే. అలా మొదలుపెట్టినవారిలో ఏడాది లోపు మరణాలు తక్కువగా ఉన్నాయి. బాగా నడవగలిగినవారే శిక్షణకు వచ్చి ఉండవచ్చు కనుక ఆ తేడా అంతా శిక్షణ వల్లనే అని చెప్పలేం, కాని ఆ 1.5 శాతం అన్న అంకె మాత్రం నన్ను కలవరపెట్టింది.

శిక్షణ ముగిసిన తరువాతి డిసెంబరులో జబ్బు ఒకసారి ముదిరింది. కళ్ళె ఎక్కువై, పచ్చగా మారి, ఆయాసం బోర్గ్ కొలమానం మీద 7 దాకా వెళ్ళింది. ఇలాంటప్పుడు ఏం చేయాలో వైద్యుడు ముందే తెలుగులో రాసి ఇచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంది: సాల్బుటమాల్ స్పేసర్‌తో ఎన్నిసార్లు తీసుకోవాలి, స్టెరాయిడ్, యాంటీబయాటిక్ ఏవి మొదలుపెట్టి ఎవరికి ఫోన్ చేయాలి, ఏ లక్షణాలుంటే ఆగకుండా ఆసుపత్రికి రావాలి. స్టెరాయిడ్ బిళ్ళలు 5 రోజులే అని గీత గీసి ఉంది. స్విట్జర్లాండులో 314 మందితో చేసి 2013లో ప్రచురించిన ప్రయోగంలో 5 రోజుల వాడకం 14 రోజుల వాడకానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆయాసం తగ్గుతోందని ఆ బిళ్ళలను నెలల తరబడి మింగి, మధుమేహం, ఎముకల బలహీనత తెచ్చుకున్నవారిని మా ఊళ్ళో చూశాను కనుక ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

అప్పటికీ తగ్గక ఆసుపత్రిలో చేరాను. అక్కడ ఆక్సిజన్ పెట్టేటప్పుడు 88 నుంచి 92 మధ్యే ఉంచారు. 98 ఎందుకు చేయరని మా అమ్మాయి ఆందోళనగా అడిగింది. ఈ జబ్బు ఉన్న కొందరిలో ఆక్సిజన్ మోతాదు మించితే రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుందని, ప్రాణం మీదికి రావచ్చని వారు వివరించారు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సుల్లో 405 మంది మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఇలా కొలిచి ఆక్సిజన్ ఇచ్చినవారిలో మరణాలు సగానికి పైగా తగ్గాయి. కోవిడ్ కాలంలో అందరం ఆక్సీమీటర్ కొని 95 దిగితే భయపడడం నేర్చుకున్నాం. సీఓపీడీ రోగి ఇంట్లో ఆ కొలత వేరుగా చూడాలన్నది కుటుంబ సభ్యులందరికీ తెలియాలి.

నాకు ఇంట్లో ఆక్సిజన్ అవసరం రాలేదు. నాతో పాటు శిక్షణ పొందిన, భీమిలి వైపు మత్స్యకార కుటుంబానికి చెందిన మామ్మకు వచ్చింది. మా ఉత్తర కోస్తాలో పెద్దవాళ్ళయిన ఆడవాళ్ళు చుట్టను వెలిగించిన కొన నోటి లోపల పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు ఆవిడకు యౌవనం నుంచీ ఉంది. దానికి తోడు కట్టెల పొయ్యి. కదలకుండా కూర్చున్నా ఆవిడ ఆక్సిజన్ 86 దాటేది కాదు. కూర్చున్నప్పుడే 88 లేదా అంతకంటే తక్కువగా నిలకడగా ఉన్నవారికి రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని 1980లో అమెరికాలోనూ, 1981లో బ్రిటన్‌లోనూ వెలువడిన ప్రయోగాలు చూపించాయి. బ్రిటన్ ప్రయోగంలో అయిదేళ్ళలో, ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో 19 మంది చనిపోతే, తీసుకోని 45 మందిలో 30 మంది చనిపోయారు. అంతకంటే మెరుగైన స్థితిలో ఉన్నవారికి ఇంటి ఆక్సిజన్ వల్ల అలాంటి లాభం లేదని 738 మందితో జరిపి 2016లో ప్రచురించిన మరో ప్రయోగం తేల్చింది. కనుక ఆయాసం ఉన్న ప్రతివారూ మిషన్ కొనవలసిన పని లేదు.

మామ్మ కొడుకులు అప్పు చేసి నిమిషానికి 5 లీటర్ల దాకా ఇచ్చే ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ కొన్నారు. గదిలోని గాలిని పీల్చుకుని, జియోలైట్ అనే ఖనిజపు గుళికల ద్వారా నైట్రోజన్‌ను వేరుచేసి, 90 శాతానికి పైగా స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను అది అందిస్తుంది. రోజుకు 15 గంటలు నడిస్తే దాదాపు 5 యూనిట్ల కరెంటు. కరెంటు పోయినప్పటి కోసం చిన్న సిలిండరు ఒకటి తెచ్చి పెట్టుకున్నారు. 1,500 లీటర్ల ఆ సిలిండరు నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. అన్నిటికంటే కష్టమైనది నిప్పు సంగతి. ఆక్సిజన్ నడిచే గదిలో చుట్ట, అగరుబత్తి, దీపం ఏదీ ఉండకూడదు. మామ్మ దేవుడి పటాన్ని వేరే గదిలోకి మార్చడానికి ఒక్క పూటలో ఒప్పుకున్నారు, చుట్ట మానడానికి మాత్రం చాలా యాతన పడ్డారు. నికోటిన్ చూయింగ్ గమ్, కోడళ్ళ కాపలా, శిక్షణలో కలిసిన మా బృందంలోని ఆడవాళ్ళం రోజూ చేసిన ఫోన్లు అన్నీ కలిసి పని చేశాయి. మానిన రోజున నాకు ఫోన్ చేసి, "టీచరమ్మా, ఇవాళ ముట్టలేదు" అన్నారు. ఆవిడ పట్టుదల ముందు నా శ్రమ చిన్నదనిపించింది.

బొబ్బిలికి తిరిగి వచ్చాక ఏటా ఫ్లూ టీకా వేయించుకుంటున్నాను, న్యుమోనియా నుంచి కాపాడే న్యూమోకోకల్ టీకా కూడా పూర్తయింది. నడక, కుర్చీ వ్యాయామం ఇంట్లో కొనసాగిస్తున్నాను. మానేస్తే కొన్ని నెలల్లోనే వచ్చిన లాభం కరిగిపోతుందని శిక్షణలో హెచ్చరించారు. ఈ శిక్షణకు పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు: 30 మీటర్ల వరండా, గట్టి కుర్చీలు, ఆక్సీమీటర్లు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ఈ పని నేర్చుకున్న ఒక ఫిజియోథెరపిస్టు. ఇవి, వీటితో పాటు ఒక స్పైరోమీటరు, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఏర్పాటు చేయాలని మా బృందం తరఫున వినతిపత్రం ఇచ్చాం. వరండా చూపిస్తామన్నారు, ఫిజియోథెరపిస్టు విషయం పై అధికారులకు రాశామన్నారు.

ఈలోగా మా వీధిలో ఏళ్ళ తరబడి ఆయాసంతో తిరుగుతున్న కొందరు ఆడవాళ్ళను విశాఖకు తీసుకువెళ్ళి ఊపిరి పరీక్ష చేయించాను. అందరిదీ ఒకే జబ్బు కాదని తేలింది. ఒకరికి మందు పీల్చగానే నిష్పత్తి మామూలుకు వచ్చింది, ఆమెది ఉబ్బసం. స్టెరాయిడ్ ఇన్హేలర్ రోజూ వాడవలసినది ఆమె. ఇంకొకరికి ఎప్పుడో తగ్గిన క్షయ మిగిల్చిన మచ్చలు, మరొకరికి గుండె బలహీనత. మిగిలిన ఇద్దరిదీ నాలాగే కట్టెల పొగ తెచ్చిన సీఓపీడీ. వాళ్ళిద్దరూ ఇప్పుడు స్పేసర్‌తో మందు పీల్చడం నేర్చుకుని, ఉదయం పాఠశాల ఆవరణలో నాతో పాటు ఊదుతూ నడుస్తున్నారు. వారిలో ఒకరింట్లో కట్టెల పొయ్యి తీసేశారు, రెండో ఇంట్లో పొయ్యి పెరట్లోకి మారింది.